వెలుతురు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

 

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున వెలుగును గూర్చి మాటాడుట ఆచారము. పుస్తకము దీపమనియు, చదువు వెలుగనియు పెద్దలు పలుమారు సెలవిచ్చియున్నారు. నేటి ప్రసంగమునకు విషయము ఉపమానమైన వెలుగు కాదు. కంటికి గనబడు వెలుగే. అది మిక్కిలి చిన్నదియగు నొక స్ఫటికముపై బడినప్పుడు లోపల నేమి జరుగును? వచ్చిన దెంత? తిరిగి వెలుగుగా బయలువెడలిన దెంత? వేడిగా మారిపోయిన దెంత? నడుమ నెక్కడ చిక్కుకొన్నది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకు శాస్త్రము గడచిన నలుబదియేండ్లకు పైబడిన కాలమున బాగుగా పెంపొందినది. 2023వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము ఇట్టి స్ఫటికములను కనుగొని నిర్మించిన వారికే లభించినది. ఈ శాస్త్రమునకు చెందిన మేలైన పరిశోధన యొకటి దూరదేశములలోనే కాక, తాండూరు, వికారాబాదు ప్రజలు హైదరాబాదునకు బోవు రైలుమార్గమునకు సమీపముననే జరిగినది.

పల్లెలలో చిట్టా ఆవర్జాలు ఎరిగినవారికి కొదువలేదు. ఏనాటి పద్దు ఆనాడు చిట్టాలో నెక్కును; ఆవర్జాలో నెవరి పేర వారి జమయు, ఖర్చును వేరుగా తేలును. జమలో చేరిన ప్రతి రూపాయియు ఖర్చులోనో నిలువలోనో కనబడనిచో లెక్క తప్పినదన్నమాట. ప్రకృతియందు శక్తి విషయమున గూడ ఇదియే న్యాయము. వెలుగు రూపమున వచ్చిన శక్తి నశింపదు. ఏదో యొక పద్దు క్రింద ఖర్చు వ్రాయబడియే తీరును. ఆ పద్దులను తీరుగా విడదీసి చూపుటయే ఈ ప్రసంగోద్దేశము.

మొదట జమ. వెలుగు ఏకధారగా గాక, చిన్న చిన్న మోతాదులుగా ఇచ్చిపుచ్చుకొనబడునని 1905లో ఐన్‌స్టీను ప్రతిపాదించెను. ఆ మోతాదునకే ఫోటానని పేరు. దాని శక్తిని ఎలక్ట్రాను వోల్టులలో కొలుతురు. ఎరుపు ఫోటాను శక్తి తక్కువ, ఊదా ఫోటాను శక్తి హెచ్చు. పదార్థములలో లోహములందు ఎలక్ట్రానులు స్వేచ్ఛగా తిరుగును. గాజువంటి వానియందు కట్టుబడియుండును. ఈ రెంటికిని నడుమ నుండునవి అర్ధవాహకములు. వీనియందు ఎలక్ట్రానులుండుటకు రెండంతస్తు లున్నవని భావింపవచ్చును. క్రింది యంతస్తు నిండియుండును, పై యంతస్తు ఖాళీగా నుండును. నడుమ నెవ్వరును నిలువరాని యెడము గలదు, దానిని శక్త్యంతరమందురు. ఆ యెడమునకు చాలినంత శక్తిగల ఫోటాను వచ్చి తగిలినచో ఒక ఎలక్ట్రాను పైకెగయును. చాలని ఫోటాను సామాన్యముగా నేమియు చేయక దాటిపోవును.

ఎలక్ట్రాను పైకిబోగా క్రింద నొక ఖాళీ మిగులును. సభలో వరుసగా కూర్చున్నవారిలో ఒకరు లేచిపోగా ప్రక్కవారు ఒక్కొక్కరుగా జరిగినచో, మనుష్యు లొకవైపు జరుగుచుండ ఖాళీ మరియొకవైపు నడచుచున్నట్లు కనబడును. అటులనే ఈ ఖాళీయు ధనావేశము గల యొక కణమువలె నడచును. దీనికి రంధ్రమని పేరు. పైనున్న ఎలక్ట్రాను, క్రిందనున్న రంధ్రము, ఈ రెండును ఆవేశమును మోయునవి గావున ఆవేశవాహు లందురు. ఋణావేశమును ధనావేశమును ఒకదానినొకటి ఆకర్షించును. కావున అవి జంటగా కట్టుబడి తిరుగుటయు కలదు. అట్టి జంటకు ఎక్సైటానని పేరు. ఈ భావనను 1931లో రష్యా దేశీయుడగు యాకోవ్ ఫ్రెంకెల్ ప్రతిపాదించెను.

అనంతగిరి నెరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. ఆ కొండల ప్రాంతమున గురిసిన వాన కొంత మూసీనదియై తూర్పునకు బోవును; కొంత కాగ్నానదిలో చేరి తాండూరు మీదుగా పడమరకు బోయి భీమానదిలో గలియును. ఒక్క వానయే రెండు దిక్కులకు చీలినను, మూసీయు భీమయు తుదకు కృష్ణలోనే కలియును. ఫోటానను వానచినుకు పడగా ఎలక్ట్రానును రంధ్రమును విడివడును. త్రోవలో నడ్డంకి లేనిచో మరల గలిసికొనును. ఆ కలయికలో వెలువడు శక్తి వెలుగుగా బయటికి వచ్చుట కలదు. విడిపోవుటకును కలిసికొనుటకును నడుమ నేమి జరుగునన్నదే ఈ శాస్త్రమంతయు.

ఇక స్ఫటికపు పరిమాణము. మీటరులో శతకోటి వంతు నానో మీటరు. ఈ ప్రసంగమున జెప్పబడు స్ఫటికములు రెండు మొదలు పది పండ్రెండు నానో మీటర్ల కొలతగలవి. తాండూరు కంది 2022లో భౌగోళిక గుర్తింపు పొందినది గావున ఆ గింజతోనే పోల్చి చూడవచ్చును. ఆరు మిల్లీమీటర్ల కందిగింజలో ఆరు నానో మీటర్ల స్ఫటికము పదిలక్షల వంతు. అదే లెక్కన గింజను పదిలక్షల రెట్లు పెంచినచో ఆరు కిలోమీటర్లగును. అనగా వికారాబాదు పట్టణమునుండి అనంతగిరికి గల దూరమంత. అనంతగిరి దారి యంతటి పొడవుతో గింజను పోల్చిన నెట్లుండునో, గింజతో స్ఫటికమును పోల్చిన నట్లుండును.

తాండూరు నాపరాతిబండను రెండుగా జీల్చినను, నలుబది ముక్కలు చేసినను, పొడి గొట్టినను, దాని స్వభావసిద్ధమైన వర్ణము వేరొక వర్ణము కాదు. లోకమున వస్తువుల తీరిదియే. కాని కాడ్మియం సెలెనైడను అర్ధవాహకమును రెండు నానో మీటర్ల స్ఫటికముగా చేసినచో నీలముగా వెలుగును. ఆరు నానో మీటర్ల స్ఫటికముగా చేసినచో ఎఱ్ఱగా వెలుగును. ద్రవ్య మొక్కటే, పరమాణువు లవియే, వానియమరికయు నదియే. కొలత మాత్రము వేరు. ఇదెట్లు సంభవించెను?

ఎలక్ట్రాను కణమైనను తరంగస్వభావము గలది. పెద్ద స్ఫటికమున దానికి కావలసినంత చోటుండును. స్ఫటికము దాని విహారక్షేత్రముకంటె చిన్నదైనప్పుడు ఆ తరంగము ఇరుకున బడును. వీణతీగను మెట్టుపై నొక్కి పొడవు తగ్గించినకొలది శ్రుతి హెచ్చును గదా! అటులనే స్ఫటికము తగ్గినకొలది శక్త్యంతరము హెచ్చును. అంతరము హెచ్చిన వెలువడు ఫోటాను శక్తియు హెచ్చును. ఎరుపునుండి పసుపునకు, పచ్చకు, నీలమునకు వర్ణము జరుగును. అందుచేతనే వీనికి క్వాంటం చుక్కలను పేరు వచ్చినది.

తర్కశాస్త్రము చదివినవారికి ఇచ్చట నొక పురాతన వివాదము స్ఫురింపకమానదు. పచ్చికుండను ఆవములో గాల్చినప్పుడు దాని నలుపు పోయి ఎరుపు వచ్చును. ఆ మార్పు పరమాణువులయందు కలుగుననిరి వైశేషికులు, వారిది పీలుపాకవాదము. కాదు, అవయవియగు కుండయందే కలుగుననిరి నైయాయికులు, వారిది పిఠరపాకవాదము. ఆంధ్రుడని ప్రసిద్ధినందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమునకు దీపికయను వ్యాఖ్యను గూడ వ్రాసి బాలురకు ఇట్టి చర్చలయందు ప్రవేశము కల్పించెను. వర్ణము భాగములదా, సమగ్రవస్తువుదా యన్న ప్రశ్న వారిది. నానో స్ఫటికముల విషయమున వర్ణము ఒక్కొక్క పరమాణువుది కాదు. ఇన్ని పరమాణువులు ఇంత మేర గూడియుండుటవలన గలిగినది. అంతమాత్రమున నానో స్ఫటికములు పూర్వులకు దెలిసియుండెనని చెప్పుట సత్యము కాదు, వారికి గౌరవమును గాదు. వారు ప్రశ్నను చక్కగా వేసిరి. సమాధానము కొలతగఱ్ఱతో వచ్చినది. ప్రశ్న వేసినవారికి ప్రశ్న గౌరవమును, కొలిచినవారికి కొలత గౌరవమును ఇచ్చుటయే న్యాయము.

ఆ కొలచినవారి చరిత్ర సంగ్రహముగా నిది. లెనిన్‌గ్రాడులోని వావిలోవ్ దృక్‌శాస్త్ర సంస్థలో అలెక్సీ ఎకిమోవ్, రాగి క్లోరైడు కలిపిన గాజును వివిధ తాపక్రమములలో వివిధ కాలముల పాటు కాచి, లోపల నేర్పడు చిన్న స్ఫటికముల కొలతనుబట్టి గాజు వెలుగును మ్రింగు తీరు మారుచున్నదని 1981లో ప్రకటించెను. 1982లో ఎఫ్రోస్ ఈ విషయమునకు గణితసిద్ధాంతము నిచ్చెను. వారి సంగతి యెరుగకయే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో లూయీ బ్రూస్ నీటిద్రావణమున తేలియాడు కాడ్మియం సల్ఫైడు రేణువులయందు ఇదే గుణమును 1983లో గనుగొనెను. అయినను సమానమైన కొలతగల స్ఫటికములను కావలసినప్పుడెల్ల తయారుచేయు నుపాయము చిక్కలేదు. బ్రూసు కడ శిక్షణ పొందిన మౌంగీ బావెండి 1993లో తన శిష్యులతో గూడి, బాగుగా కాగిన ద్రవములోనికి ముడిపదార్థములను ఒక్కసారిగా జిమ్మి, వేడిని హెచ్చుతగ్గులు చేయుచు, కోరిన కొలతకు స్ఫటికములను పెంచెను. ఎకిమోవ్, బ్రూస్, బావెండి ఈ మువ్వురకే 2023 నోబెల్ బహుమానము.

ఇప్పుడు ఖర్చు పద్దులకు వత్తము. మొదటి పద్దు వేడి. ఒక ఉదాహరణ. 400 నానో మీటర్ల తరంగదైర్ఘ్యము గల ఊదా ఫోటాను 3.1 ఎలక్ట్రాను వోల్టులు తెచ్చినదనుకొందురు గాక. స్ఫటికము 517 నానో మీటర్ల పచ్చని వెలుగు నిచ్చునది. ఆ ఫోటాను శక్తి 2.4. కావున జమ 3.1, వెలుగు క్రింద ఖర్చు 2.4, తక్కిన 0.7 వేడి క్రింద ఖర్చు. అధికశక్తితో పైకెగసిన ఎలక్ట్రాను ఉడుకుతో నుండును. ఆ యుడుకును స్ఫటికములోని పరమాణువుల కదలికల కిచ్చి తాను చల్లబడి, పై యంతస్తు అంచునకు దిగును. ఇది సామాన్యముగా సెకనులో లక్షకోట్లవ వంతు, అనగా ఒక పికోసెకను, గడచునంతలో ముగియును.

రెండవ పద్దు వెలుగు. చల్లబడిన ఎలక్ట్రాను రంధ్రముతో గలిసి ఫోటానును వెలువరించును. దీనికి కాలము కొన్ని నానోసెకనులు మొదలు కొన్ని పదుల నానోసెకనులు. చల్లబడుటతో పోల్చిన నిది సుదీర్ఘకాలము. ఆ యాలస్యముననే తక్కిన నష్టములకు సందు దొరకును.

మూడవ పద్దు చిక్కు. తాండూరు ప్రాంతమున రాయి తీసి విడిచిన గనిగుంటలలో వాననీరు నిలిచిపోయి వాగునకు జేరదు. స్ఫటికపు ఉపరితలమున గూడ అట్టి గుంటలు కలవు. లోపలి పరమాణువునకు నలుదిక్కుల పొరుగువారుందురు. అంచు పరమాణువునకు ఒకవైపు శూన్యము. జతగూడని బంధము ఎలక్ట్రానునో రంధ్రమునో పట్టి నిలిపివేయును. పట్టుబడిన వాహి వెలుగు నీయక శక్తిని వేడిగా ధారపోయును. చిన్నవస్తువునకు ఈ బాధ యెక్కువ యగుటకు కారణము లెక్కలోనే యున్నది. అంచుకు 100 పరమాణువులు గల ఘనములో మొత్తము 10,00,000. పైపొర తీసివేసిన లోపల 98 చొప్పున 9,41,192. పైన నున్నవి 58,808 మాత్రమే, అనగా నూటికి ఆరింటికి లోపు. అంచుకు 10 చొప్పున గల ఘనములో మొత్తము 1,000, లోపల 512, పైన 488. దాదాపు సగము జనము ఊరి పొలిమేరలోనే కాపురమున్నట్లు! అందుచేత స్ఫటికమునకు వేరొక పదార్థపు తొడుగు దొడుగుటయు, లైగాండులను అణువులను అంటించి ఉపరితలపు గుంటలు పూడ్చుటయు ఈ విద్యలో ముఖ్యమైన పని.

నాల్గవ పద్దు ఇరుకు. ఒక స్ఫటికములో ఒకే జంట యున్నంతవరకు నెమ్మదిగా నుండును. వెలుగు దట్టముగా బడి రెండవ జంట గూడ పుట్టినచో, ఒక జంట కలిసికొనుచు తన శక్తిని ఫోటానుగా వెలువరింపక మూడవ వాహికి అంటగట్టును. అది మరల ఉడుకెత్తి ఆ శక్తిని వేడిగా పోగొట్టుకొనును. ఒకని బాకీ చెల్లు వ్రాసి వేరొకని ఖాతాకు మార్చగా, వాడు దానిని దుబారా చేసినట్లు. దీనికి ఓజే ప్రక్రియయని పేరు. ఇది పదులు మొదలు వందల పికోసెకనులలో ముగియును గావున, నానోసెకనులు పట్టు వెలుగునకు అవకాశము చాలదు. ఒంటరి స్ఫటికమును సూక్ష్మదర్శినిలో జూచినచో మిణుగురువలె వెలుగుచు ఆరుచు నుండునని 1996లో బావెండి, బ్రూస్ మొదలగువారు కనుగొనిరి. ఒక ఆవేశము లోపల మిగిలిపోయినప్పుడు పుట్టిన ప్రతి జంటయు ఈ యిరుకున బడి ఆరిపోవుట ఈ మినుకులాటకు ఒక కారణము.

రెండు లెక్కల తేడాను ఇచ్చట గమనింపవలయును. కందులను బస్తాల లెక్కన అమ్ముట వేరు, తూకపు లెక్కన అమ్ముట వేరు. నూరు ఫోటానులు మ్రింగి తొంబది ఫోటానులు వెలువరించినచో దీప్తి నూటికి 90 యందురు. అది బస్తాల లెక్క. శక్తి తూకము జూచినచో ప్రతి ఫోటానులోను 0.7 ముందే వేడికి బోయియుండుట వలన ఫలిత మింకను తక్కువ. నూటికి నూరు వెలుగు నిచ్చునని ప్రకటన చదివినప్పుడు ఏ లెక్కన చెప్పిరో విచారించుట బుద్ధిమంతుల లక్షణము.

ఇంత స్వల్పకాలమున జరుగు సంగతులను జూచుటెట్లు? ఒక ఫెమ్టోసెకను సెకనులో పదికోట్ల కోట్లవ వంతు. సెకనులో ఫెమ్టోసెకను భాగమెంతయో, సుమారు మూడుకోట్ల పదునేడు లక్షల సంవత్సరములలో ఒక్క సెకను భాగమంతయే. ఏ గడియారమును ఇంత కాలమును చూపజాలదు. కావున శాస్త్రజ్ఞులు వెలుగుచేతనే వెలుగును కొలిచిరి. లేసరునుండి వెలువడు అతి కురుచయగు వెలుగుకెరటమును రెండు చేయుదురు. మొదటిది స్ఫటికములను మేల్కొలుపును. రెండవది కొంత యాలస్యముగా వచ్చి వాని స్థితి నడిగి తెలిసికొనును. ఆలస్యము కల్పించుటకు రెండవ కెరటపు త్రోవను అద్దములు జరిపి పొడిగింతురు. వెలుగు ఒక పికోసెకనులో 0.3 మిల్లీమీటరు మాత్రము నడచును గావున, త్రోవ అంత పెరిగిన కాల మొక పికోసెకను పెరిగినట్లు. అనగా కాలమును మూరతో గొలుచుట! ఇట్టి పద్ధతితో రసాయనక్రియలను జూచినందులకు ఈజిప్టు సంజాతుడగు అహ్మద్ జెవైల్ 1999లో నోబెల్ బహుమానము నందెను.

తెలుగునేలపై వెలుగు, స్ఫటికముల విద్య క్రొత్తది గాదు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించి హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతము 1928లో కలకత్తాకేగి సి.వి.రామనుకడ పనిచేసెను. ఆయన టి.వేంకటరాయుడుతో గూడి స్ఫటికాది భౌతికవిషయములకు సమూహగణితమును అన్వయించు గ్రంథమును 1948లో వెలువరించెను. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. 1874లో వాడీ సికిందరాబాదుల నడుమ వేయబడిన యినుపదారి మీద తాండూరు, వికారాబాదు, శంకరపల్లి దాటి లింగంపల్లి చేరినచో, దాపుననే 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము గలదు. అక్కడి రసాయనశాస్త్ర విభాగమున ఆచార్య అనునయ్ సామంత తన శిష్యులతో నానో స్ఫటికములలోని ఆవేశవాహుల నడవడిని పరిశోధించెను.

ఆయన యెన్నుకొన్న స్ఫటికములు పెరోవ్‌స్కైటు వర్గమునకు జెందినవి. యూరలు పర్వతములలో 1839లో కనుగొనబడిన కాల్షియం టైటనేటను ఖనిజమునకు పెరోవ్‌స్కీ యను రష్యా అధికారి పేర ఆ నామము వచ్చినది. ఆ కట్టడమే గల్గి, సీసియము, సీసము, వీనితో క్లోరిను, బ్రోమిను, అయోడినులలో నొకటియో రెండో కలిసిన నానో స్ఫటికములను 2015లో స్విట్జర్లండులో కొవలెంకో బృందము తయారుచేసెను. వీనియందు క్లోరిను గలది ఊదాగాను, బ్రోమిను గలది పచ్చగాను, అయోడిను గలది ఎఱ్ఱగాను వెలుగును. కాడ్మియం చుక్కలవలె తొడుగు లేకున్నను బ్రోమిను స్ఫటికములు మిక్కుటముగా ప్రకాశించుట వింత. వీని ఉపరితలమున లోపములున్నను వానిలో పెక్కు లోతైన గుంటలు గావని విమర్శకుల యభిప్రాయము. హైదరాబాదు బృందము 2017లో ప్రకటించిన వ్యాసమున ఫెమ్టోసెకను కొలతలతో ఈ స్ఫటికములలో ఉడుకుతోనున్న వాహులు చల్లబడుట, కలియుట, చిక్కుకొనుట అను పద్దులను కాలక్రమమున విడదీసి చూపిరి. ఏ మెట్టులో నష్టము కలుగుచున్నదో తెలిసిన పిదప గదా మందు!

ఆ మందు విషయము గూడ చెప్పదగినది. క్లోరిను గల ఊదాస్ఫటికములు మిక్కిలి మందముగా వెలుగును. వాని శక్త్యంతరము విశాలమగుటచే లోతైన గుంటలు అందులో నేర్పడును. ఆ బృందమే 2019లో కాడ్మియం క్లోరైడను లవణముతో సామాన్యతాపక్రమముననే ఉపచారము చేయగా, ఆ స్ఫటికముల దీప్తి దాదాపు సంపూర్ణమయ్యెను. వర్ణము మారలేదు, గుంటలు పూడినవి, నష్టపు పద్దు కొట్టివేయబడినది. కారణ మెరిగి చేసిన చికిత్సకు ఇది చక్కని నిదర్శనము.

ప్రయోజనమేమని గ్రామస్థు లడుగుట సహజము. 2013నుండి దూరదర్శన యంత్రములలో ఈ చుక్కలు వర్ణములకు తేట తెచ్చుచున్నవి. శరీరకణములను గుర్తించుటకు వైద్యపరిశోధనలో వాడబడుచున్నవి. రైతునకు దగ్గరి విషయము సూర్యవిద్యుత్తు. ఒక్క అర్ధవాహకముతో చేసిన సౌరఫలకము ఎంత శ్రేష్ఠమైనను ఎండలో సుమారు మూడవవంతుకు మించి విద్యుత్తుగా మార్చలేదని 1961లో షాక్లీ, క్వైసరు లెక్కగట్టిరి. చాలని ఫోటానులు దాటిపోవుటయు, హెచ్చైన ఫోటానుల అధికశక్తి పికోసెకనులో వేడియగుటయు దీనికి ముఖ్యకారణములు. ఆ యుడుకు చల్లారకముందే వాహులను బయటికి లాగుటయో, ఆ యధికశక్తితో మరియొక జంటను పుట్టించుటయో సాధ్యమైనచో అవధి పెరుగును. ఒక ఫోటానుతో ఒకటికి మించిన జంటలు సీసపు సెలెనైడు నానో స్ఫటికములలో పుట్టుచున్నవని 2004లో షాలర్, క్లిమోవ్ ప్రకటించిరి. ఇది ప్రయోగశాలలో కనబడిన యాశ. పొలముగట్టున పంపు నడుపు వస్తువుగా మారుటకు చేయవలసిన పని చాల గలదు.

ఇంతవరకు వెలుగు జమాఖర్చు. ఆ లెక్కలో నెక్కని పద్దు ఒకటి మిగిలియున్నది. అది విషము. పైని చెప్పిన స్ఫటికములలో నొకదానిలో కాడ్మియము, మరొకదానిలో సీసము. చికిత్సకు వాడిన లవణము గూడ కాడ్మియమే. సీసము బాలుర మెదడునకు హానికరము. కాడ్మియము మూత్రపిండములను, ఎముకలను చెరచును. జపాను దేశమున జింజూ నదిలో గనులనుండి చేరిన కాడ్మియము వరిపొలములకు బారి, ఆ బియ్యము తిన్న గ్రామస్త్రీల యెముకలు గుల్లబారి, అయ్యో అయ్యో యని యరచుచు బాధపడిరి. ఆ వ్యాధికి ఇతాయి ఇతాయి యని ఆ యార్తనాదమే పేరయ్యెను. దాని కారణమును ఆ దేశ ప్రభుత్వము 1968లో అంగీకరించెను. పెరోవ్‌స్కైటు స్ఫటికములు తేమ తగిలిన చెడి, అందలి సీసము నీటిలో గలియు స్వభావము గలవి.

ఈ మాట ఇతర ప్రాంతములకంటె ఈ ప్రాంతమునకు ముఖ్యము. మూసీ పుట్టుచోటున నేల చెడినచో, 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు మొదలు దిగువ పల్లెల చెరువులవరకు అందరి కుండలలోను ఆ చెడుగు చేరును. కాగ్నాతీరమున చెడినచో భీమా తీరవాసులకు చేరును. నదీముఖమున నున్నవారు తమ నీటికి మాత్రమే గాక, తరువాతివారి నీటికిని ధర్మకర్తలు. కావున ఈ వెలుగు వద్దని చెప్పుట వివేకము గాదు. కన్నులు మూసికొని రమ్మనుటయు వివేకము గాదు. కాడ్మియమునకు బదులు ఇండియం ఫాస్ఫైడు చుక్కలు ఇప్పటికే దూరదర్శన యంత్రములలోనికి వచ్చినవి. సీసము లేని పెరోవ్‌స్కైటులకై వెదకులాట జరుగుచున్నది. బయటికి గారకుండ గాజుపొరల నడుమ బిగించు ఉపాయములును పరిశోధింపబడుచున్నవి. ఈ మార్పులవలన మరల గుంట లేర్పడి వెలుగు తగ్గవచ్చును. అప్పుడు మరల ఫెమ్టోసెకను కొలతలతో ఏ పద్దు పెరిగెనో చూచి సరిచేయవలయును. విషము తగ్గించుటయు, వెలుగు నిలుపుటయు రెండు వేరు పనులు కావు. ఒకే లెక్కలోని రెండు వరుసలు.

కావున ఇట్టి నూతనవస్తు వేదియైన ఊరికి వచ్చిననాడు గ్రామస్థులు మూడు ప్రశ్నలు వేయవలయును. ఇందులో నేమేమి ద్రవ్యములున్నవి? పగిలిననాడు, పాతబడిననాడు దీనిని తిరిగి తీసికొనిపోవు బాధ్యత యెవరిది? చెప్పుచున్న లాభము ఏ లెక్కన చెప్పుచున్నారు? ఈ మూడింటికి వ్రాతపూర్వకముగా సమాధానము లిచ్చువారిని ఆదరింపవలయును, ఈయనివారిని నిలిపి యడుగవలయును. ప్రశ్న వేయుటకు ఇంగ్లీషు పట్టములు అక్కరలేదు. విషయము తన భాషలో నొకసారి చదివియుండిన చాలును. అట్టి చదువు నందించుట గ్రంథాలయమునకు విధ్యుక్తధర్మము. పురాణములు, కావ్యములు ఉన్న బీరువా ప్రక్కనే తెలుగున వ్రాసిన భౌతిక రసాయన గ్రంథముల కొక యర నిండుగా నేర్పడవలయును. లింగంపల్లి రైలెక్కి చదువుకొనబోవు పిల్లలు సెలవులలో వచ్చి, తాము నేర్చినదానిని తెలుగున చెప్పి పోవలయును. చిన్న స్ఫటికములో గుంట పూడిన వెలుగు పెరిగినట్లే, తెలిసినవారికిని తెలియనివారికిని నడుమనున్న గుంట పూడినచో ఊరికి మేలు కలుగును.